అరంగుళం మాస్టారి చొక్కా బిగుతు

వీధిలో అందరూ మా ఆయన్ని అరంగుళం మాస్టారంటారు. ఎవరు గుడ్డ తెచ్చినా, చిన్నవాళ్లదైనా పెద్దవాళ్లదైనా, కొలత తీశాక "లోపల ఒక అరంగుళం వదులుతాను, రేపు పనికొస్తుంది" అనడం ఆయనకు అలవాటు. పెళ్లైన కొత్తలో ఆ మాట నాకు ముద్దుగా ఉండేది. ఇప్పుడు వినపడితే చెవులు మూసుకోవాలనిపిస్తుంది.

ఇంటి ముందుగదే మా కొట్టు. ఒక కుట్టుమిషను, కత్తిరించే బల్ల, ఇస్త్రీపెట్టె, గోడ మేకులకు వేలాడే చొక్కాలు. ఆయన కత్తిరిస్తాడు, కుడతాడు. కాజాలు, గుండీలు, అంచులు నావి. వంటా నాదే, ఊడ్చడమూ నాదే, "ఇంకా కాలేదా" అంటూ గుమ్మంలో నిలబడేవాళ్లకు సర్దిచెప్పడమూ నాదే. ఇక బడులు తెరిచే రోజులొచ్చాయంటే చెప్పక్కర్లేదు. తెల్ల చొక్కాలు, నీలం లాగులు గదిలో కాలు పెట్టే సందు లేకుండా గుట్టలు పడతాయి. ఆ రోజుల్లో నేను నిలబడే తింటాను, కూర్చునే నిద్రపోతాను.

మా ఆయన దగ్గర ఒక సూత్రం ఉంది. పొట్ట పెరిగిన మనిషి ఎవరైనా వచ్చి "మీరే బిగించి కుట్టారు మాస్టారూ" అని దబాయిస్తే ఒక్క మాట ఎదురు చెప్పడు. "నిజమేనండీ, గుడ్డ కాస్త ముడుచుకుంది, విప్పి సరిచేస్తాను" అంటాడు. ఆ మనిషి అటు వెళ్లగానే నాకు పాఠం. "ఎదుటివాడి ఒంటిని తప్పు పట్టకూడదే. మన చేతిలో ఉన్నది గుడ్డ, దాన్నే సరిచేయాలి." ఇన్నేళ్లు ఊరివాళ్ల ఒళ్లను అలా వెనకేసుకొచ్చి, చివరికి తన ఒంటి దగ్గరా అదే సూత్రం పట్టుకున్నాడు మహానుభావుడు.

సంగతేమిటంటే, ఆయనకు ఒంట్లో చక్కెర ఎక్కువైందనీ, కూర్చునే పని గనక రోజూ కాస్త నడవమనీ డాక్టరు చెప్పాడు. నడవమన్నాడు, అంతే. మా తమ్ముడు ఊరుకుంటేనా! వాడు జిమ్ములో కుర్రకారుకు కసరత్తులు నేర్పుతాడు. వాణ్ణి నేను కండలరాయుడంటాను. "నడిస్తే ఏమొస్తుంది బావా, నిన్ను నాకొదిలెయ్" అంటూ పూనకం వచ్చినవాడిలా దిగాడు. పొద్దున్నే మేముండే భవనం మెట్లు పై అంతస్తు దాకా గబగబా ఎక్కాలి, దిగాలి, మళ్లీ ఎక్కాలి. ఆపైన చేతులు ముందుకు చాపి గుంజీళ్లు. మిషను తప్ప ఇంకేదీ తొక్కి ఎరగని మనిషికి ఒక్కసారిగా ఇన్ని పనులు.

మొదటిరోజు మెట్లు దిగొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ఒళ్లంతా చెమట. మెడ దగ్గర గుండీ విప్పుకుంటూ, "ఈ చొక్కా ఛాతీ దగ్గర పట్టేస్తోందే" అన్నాడు.

"నొప్పిగా ఉందా?" అని అడిగాను.

"నొప్పేం కాదు. బిగుతు. ఉతికి ఉతికి ముడుచుకుపోయింది."

కాసేపటికి తేరుకున్నాడు. టీ తాగి, ఆ చొక్కా విప్పి, పక్క కుట్లు ఊడదీసి, లోపల దాచిన గుడ్డను బయటికి లాగి మళ్లీ కుట్టుకున్నాడు. అవతల బడి చొక్కాలు అలాగే పడి ఉన్నాయి. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అని సణుక్కుంటూ నా గుండీలు నేను కుట్టుకున్నాను.

మర్నాడూ అదే వరస. ఎక్కుతున్నప్పుడు బిగుతు, కూర్చుంటే వదులు. తమ్ముణ్ణి పిలిచి అడిగితే పళ్లికిలించాడు.

"కొత్తలో అంతే అక్కా. ఎన్నడూ కదలని కండలు కదా, పట్టేస్తాయి. వారం ఓపిక పట్టు, బావ హీరో అయిపోతాడు."

"నీ హీరోని తగలెయ్య! ఆయన మొహం చూశావా, ఎలా పాలిపోయిందో?"

"పొట్ట తగ్గేటప్పుడు మొహం అలాగే పీక్కుపోతుందిలే" అని కొట్టిపారేశాడు.

డాక్టరు దగ్గరికి పదండి అంటే మా ఆయన నోట్లో జవాబు సిద్ధం. "చొక్కా బిగుతైందని డాక్టరు దగ్గరికెళ్తారా ఎవరైనా? నవ్విపోతారు." మొండివాడు రాజు కన్నా బలవంతుడని ఊరికే అన్నారా?

రెండో చొక్కా కుట్లూ విప్పాడు. తర్వాత బనీను మానేశాడు, బిగుతంతా దానివల్లేనని. చివరికి ఒక కొత్త చొక్కాయే కత్తిరించుకున్నాడు, ఇద్దరు మనుషులు దూరేంత. ఎదురుకొట్టు మంగలి అది చూసి, "మాస్టారూ, ఇది మీక్కుట్టుకున్నారా, మీ మిషనుకు ముసుగా?" అని పగలబడి నవ్వాడు. ఆయనా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఎందుకంటే నా చెవులు మెట్ల మీదే ఉండేవి. మొదట్లో పై అంతస్తు దాకా వినిపించిన అడుగులు రానురాను మధ్యలోనే ఆగుతున్నాయి. ఆయన అడుగు ఆగితే నా చేతిలో సూదీ ఆగేది. మళ్లీ చప్పుడు వినపడ్డాకే కదిలేది. ఈ మనిషికేమైనా అయితే నేనేం కావాలి, ఈ మిషనూ ఈ గుట్టలూ ఎవరికి పెట్టుకోవాలి అని భయమేసేది. ఆయన దిగొచ్చి "ఏమే, టీ" అనగానే ఆ భయమంతా కోపంగా మారిపోయేది. గ్లాసు ఠపీమని ముందు పెట్టేదాన్ని.

ఒక పొద్దున అడుగులు ఆగాయి. మళ్లీ కదల్లేదు.

చేతిలోది చేతిలోనే పారేసి పరుగెత్తాను. రెండో అంతస్తు మలుపులో మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. కిటికీలోంచి గాలి జోరుగా వస్తోంది. ఆ కొత్త చొక్కా దండేనికి వేసిన దుప్పటిలా ఎగురుతోంది. ఒక చెయ్యి ఛాతీ మీద ఉంది. ఎడమచెయ్యి ఒళ్లో వాలిపోయి ఉంది.

"ఇదీ బిగుతే అయిందే" అన్నాడు నా మొహం చూడకుండా. "ఇంకాస్త విప్పితే..."

అరికాలి మంట నెత్తికెక్కింది. పక్కన కూలబడి, చొక్కా కిందినుంచి నా చెయ్యి మోచేతి దాకా దూర్చాను. అటు తిప్పాను, ఇటు తిప్పాను. గుడ్డ ఎక్కడో ఉంది, మనిషి ఎక్కడో ఉన్నాడు.

"ఎక్కడండీ బిగుతు? ఈ గుడ్డ మిమ్మల్ని ఎక్కడ పట్టుకుందో చూపించండి! చూపించండి నాకు!"

ఆయన తల వంచి చూసుకున్నాడు. నా చేతిని చూశాడు, దాని చుట్టూ ఊగుతున్న గుడ్డను చూశాడు. ఇంకొకరి చొక్కా అయితే ఒక్క చూపులో చెప్పేసేవాడు. తనది గనక చాలాసేపు పట్టింది.

"గుడ్డ కాదు" అన్నాడు మెల్లగా.

ఊపిరి కుదుటపడ్డాక భుజం పట్టుకుని ఒక్కో మెట్టూ దించాను. వెంటనే ఆసుపత్రికి పదండి అన్నాను. ఆయన గుట్టల వైపు చూసి, "ఈ బడి చొక్కాలు ఇచ్చేసి వెళ్దాం, ఎంతసేపు" అంటూ మిషను ముందు కూర్చోబోయాడు. మిషను చక్రానికున్న తోలు బెల్టు ఊడబెరికి నా సంచిలో పడేసుకున్నాను. బెల్టు లేకపోతే ఎంత తొక్కినా సూది దిగదు.

"కుట్టండి, ఎలా కుడతారో నేనూ చూస్తాను" అన్నాను. తమ్ముడికి ఫోను చేసి బండి తెమ్మన్నాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ "నొప్పి ఎప్పటినుంచి?" అని అడిగింది.

"నొప్పి లేదండి" అన్నాడు. అక్కడ కూడా!

"బిగుతుగా ఉందని చెప్పండి! ఉన్నదున్నట్టు చెప్పండి!" అని అరిచాను. ఆవిడ నన్ను కోప్పడలేదు. ఆయన వైపే తిరిగి, "మెట్లెక్కితే బిగుసుకుని, కూర్చుంటే వదులుతోందా?" అంది. ఆయన బడిపిల్లాడిలా తలూపాడు.

"గుండెది చాలామందికి నొప్పిలా ఉండదండీ. కొత్తగా కసరత్తు మొదలెట్టినప్పుడు ఇలా అయితే ఇంకా ఎక్కి చూడకూడదు, ఆపేసి మా దగ్గరికి రావాలి" అంటూనే ఛాతీకి తీగలు అంటించింది. ఆ తర్వాత అంతా పరుగులే. గుండెకు వెళ్లే రక్తనాళం ఒకటి పూడిపోవడానికి కొంచెమే మిగిలిందట. లోపలికి సన్నని గొట్టం పంపి, స్టెంటు వేసి తెరుస్తామన్నారు. ఆయన్ని తోసుకుంటూ లోపలికి తీసుకెళ్లిపోయారు.

ఆ సేపంతా తమ్ముడు వరండా గోడకానుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. "నేనే చంపేసేవాణ్ణి అక్కా, నా చేతులతో నేనే."

"ఏడ్చింది చాలు, వెళ్లి మంచినీళ్లు పట్టుకురా" అన్నాను. వాణ్ణి తిట్టడానికి కూడా ఒంట్లో ఓపిక మిగల్లేదు. ఏడవడానికీ లేదు. తలుపు వైపు చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు మధ్యాహ్నం నన్ను ఆయన దగ్గర కూర్చోనిచ్చారు. మొహంలోకి రంగొచ్చింది.

"ఎలా ఉంది?"

"వదులుగా ఉంది" అన్నాడు. కప్పు వైపు చూస్తూ, "నాకు మొదటిరోజే అనుమానమొచ్చిందే. కుట్లు విప్పుతున్నంతసేపూ మాత్రం, అది చొక్కాయేలే అనిపించేది" అన్నాడు.

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"ఎప్పుడు చెప్పను? నువ్వేమో కాజాలు కుడుతూ కూర్చున్నచోటే తూగిపోతున్నావు. ఉన్న చాకిరీ చాలదని, నాదొకటి నీ నెత్తిన పెట్టడమెందుకనిపించింది."

ఒళ్లు భగ్గుమంది. "అంటే నేను అలిసిపోయానని మీరు చచ్చిపోదామనుకున్నారా? మీరు పోతే నాకు విశ్రాంతి దొరుకుతుందనుకున్నారా? ఏం మనిషండీ మీరు! నేను అలిసిపోయేదే మీతో బతకడానికి కదా!" పక్క మంచాలవాళ్లు చూస్తున్నారు. చూస్తే చూడనీ అనుకుని భోరున ఏడ్చాను.

ఆయన మెల్లగా ఒక పక్కకు జరిగాడు. మంచం మీద జానెడు చోటు చేసి, "రా, కాసేపు ఒరుగు" అన్నాడు.

సిగ్గూ ఎగ్గూ లేకుండా తల ఆయన దిండు మీద పెట్టాను. "రోగి మంచం మీద పడుకుంటారా ఎవరైనా!" అని నర్సు వచ్చి కేకలేసేదాకా నాకు మెలకువ రాలేదు.