జామకాయల తక్కెడలో కంప్యూటర్ డబ్బా

ఈ ముచ్చట ఎప్పుడో రాయవలసింది. రాయలేదెందుకంటే, నాకు రాయడం వచ్చేది కాదు. నలభై దాటాక మా బస్తీలో సాయంత్రం బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నాను. (పక్కన కూర్చున్న మా వియ్యపురాలు నా పలక చూసి రాసి పంతులమ్మకు దొరికిపోయింది. ఇప్పటికీ ఒప్పుకోదు.) ఈ ముచ్చట జరిగిన రోజుల్లో అమీర్‌పేటలో చదువు రాని మనిషిని నేనొక్కదాన్నేనేమో అనిపించేది. మెట్టుకో బోర్డు, బోర్డుకో కోర్సు. కంప్యూటర్లో బొమ్మల్ని కదిలించడం నేర్పే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో నేను ఊడ్చి, తుడిచి, చాయ్ పెట్టేదాన్ని. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లుంటాయి. మా ఆయన కాలు విరిగి మంచం మీద ఉన్నాడు. నా జీతమే మా ఇద్దరికీ అన్నం.

ఒకసారి మా సార్ (కృష్ణా జిల్లా మనిషి, ఎంత కోపంలోనైనా ‘అమ్మా’ అనే తిట్టేవారు) పెద్ద కంప్యూటర్‌కు కొత్త గ్రాఫిక్స్ కార్డు తెప్పించారు. అది పెట్టినప్పటి నుంచి, బొమ్మ కదలబోయే సమయానికి కంప్యూటరే ఆగిపోయేది. దానికి కరెంటు అందించే డబ్బా, అదే పవర్ సప్లై, కాలిపోయేది. వారంలో రెండు కాలాయి. వాటిని కొనుక్కొచ్చిన రిపేరు మనిషిని అందరూ చిప్పన్న అనేవారు. ఆయన తన మీదికి రాకుండా వేలు నావైపు తిప్పాడు. “సార్, గీమె రోజూ తడిబట్టతోని తుడుస్తది. గందుకే కాలుతున్నయ్.” “నేను తుడిచేది నేల సార్, గది బల్ల మీదుంటది!” అన్నాను. సార్ వినలేదు. “ఏంటమ్మా ఇది? ఇంకొక్కటి కాలిందంటే నువ్వు ఇక రానక్కర్లేదు.” అయితే మూడోది నేనే ఏరుతానని కొంగు బిగించి, చిప్పన్న వెంట పంజాగుట్ట బయలుదేరాను.

దుకాణంలో సేటు మూడు డబ్బాలు ముందు పెట్టాడు. “దేని మీద ఎంత రాసుంది?” అని అడిగాను. “అన్నిటి మీద ఒక్కటే. నాలుగొందల యాభై వాట్లు,” అన్నాడు చిప్పన్న. అంటే చదువు వచ్చినాయనకూ రానిదానికీ తేడా లేదన్నమాట! ధైర్యం వచ్చింది. ఎర్రగడ్డ రైతుబజారులో కందగడ్డ ఏరినట్టు ఒక్కొక్కదాన్నీ అరచేతిలో ఆడించి చూశాను, బరువుంటే లోపల సరుకున్నట్టే కదా అని. అది చాలక మూడింటినీ చంకనేసుకొని బయట జామకాయల బండి దగ్గరికి నడిచాను. “అన్నా, జర తూచు.” “ఇవేం కాయలక్కా?” “కరెంటు కాయలు. తూచు.” సేటు వెనకాలే పరుగెత్తుకొచ్చాడు. “అరే అమ్మా, దుకాణం ఇజ్జత్ పోతది!” ఒకటి కిలోన్నర తూగింది. మిగతావి కిలో కూడా లేవు. కిలోన్నరదాన్ని ఆటోలో చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకొని తెచ్చాను.

చిప్పన్న బిగించాడు. తెర మీద బొమ్మగుర్రం రెండడుగులు వేసింది. ఠప్! పొగ. సార్ నావైపు చూశారు, నేను గోడవైపు చూశాను. చిప్పన్న మహా హుషారుగా మూత విప్పాడు. లోపల అరచేయంత ఇనుప ముక్క, అడుగున స్క్రూలతో బిగించి ఉంది. ఉత్త బరువు కోసం! నాలాంటి తెలివైనవాళ్లు వస్తారని ఎవరో ముందే ఊహించి పెట్టారు. క్లాసంతా పడీపడీ నవ్వింది. నాకు ఏడుపొచ్చింది, దాంతోపాటే నోరూ వచ్చింది. “తడిబట్ట పోయి ఇనుము పెట్టదు గదా సార్!” సార్ మూతి బిగించుకున్నారు గానీ నవ్వు ఆగలేదు. “సరేనమ్మా, ఇదే ఆఖరుసారి. వెళ్లి మార్చుకు రా.”

మళ్లీ సేటు ముందు నిలబడ్డాను. “పుచ్చకాయకైతే గాటు పెట్టి చూపిస్తరు. మూత ఇప్పు.” “ఇప్పితే గ్యారంటీ పోతదమ్మా.” “ఇప్పకపోతే నా నౌకరి పోతది.” చివరికి సేటు విసుగెత్తి చేతికి టార్చి ఇచ్చాడు. గాలి కన్నాల్లోంచి ఒంటికన్నుతో పదకొండు డబ్బాలు చూశాను. ఒకదానిలో ఇనుప ముక్క లేదు, లావుపాటి రాగితీగ చుట్టలు, పండుగ నాటి బస్సులా కిక్కిరిసిన సామాను. బరువు కూడా ఉంది. “ఇది!” అన్నాను. “అది మస్తు మంచిదమ్మా,” అన్నాడు సేటు దిగులుగా, “గందుకే ఎవరూ కొనరు.”

ఆ సాయంత్రం క్లాసులు మూసేదాకా గుర్రం ఆగకుండా పరుగెత్తింది. చిప్పన్న మూడుసార్లు డబ్బాను వాసన చూశాడు. ఏమీ కాలలేదు. “నీ ఉద్యోగానికేం ఢోకా లేదమ్మా,” అన్నారు సార్.

మరునాడు పొద్దున నేను వెళ్లేసరికి నలుగురు విద్యార్థులు మెట్ల మీద కాచుకొని ఉన్నారు. “అక్కా, మా రూములో కంప్యూటర్‌కు కూడా ఒకటి ఏరిపెట్టవా?” ఎవరికైనా చెప్పి వెళ్లాలన్న ధ్యాసే లేదు. చీపురు తలుపు వెనక పెట్టేశాను. (ఆ రోజు సారే ఊడ్చుకున్నారట, అదీ ప్యాంటు మడిచి.) అంత కొట్లాడి నిలబెట్టుకున్న ఉద్యోగానికి తెల్లారేసరికే ఎగనామం పెట్టిన ఆ ఇరవై రెండేళ్ల పిల్ల ఇప్పుడు ఎదురుపడితే ఒక మొట్టికాయ వేద్దామనుకుంటాను. కానీ వేయలేను. నలుగురు చదువుకున్న పిల్లల్ని వెంటేసుకొని, అందరికంటే ముందు, పంజాగుట్ట రోడ్డు మీద ఎంత దర్జాగా నడిచిందో!