పదో రోజున కుక్కల మలుపుకు

ఇంటి కుక్క పిల్లవాణ్ణి కరిస్తే ముందు వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కుక్కను కట్టేసి, అన్నం నీళ్లు పెడుతూ పది రోజులు కనిపెట్టుకొని ఉండాలి. ఈ రెండో సంగతి మాకు తెలిసేసరికి మా కుక్క ఇంట్లో లేదు. ఈ ప్రయాణం అందుకే చేయాల్సి వచ్చింది.

మాది ఖమ్మంలో ఖానాపురం హవేలి. మా సన్నీకి మూడేళ్లు. ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నాలకు కూర్చునేలోపు వాడు జిమ్మీ చెవి పట్టుకొని లాగాడు. జిమ్మీ వాడి చెంప కరిచింది, కంటికి రెండు వేళ్ల కింద. నేనూ మా అత్తమ్మా వాణ్ణి ఎత్తుకొని ఆటో కోసం పరుగెత్తాం. మా ఆయన ఇంటి దగ్గరే ఉండిపోయారు. మేం తిరిగి వచ్చేసరికి వరండా గుంజకు గొలుసూ బెల్టూ మాత్రమే వేలాడుతున్నాయి.

"మామిడితోటల తెలిసినోళ్లకు ఇచ్చిన. మంచిగ చూసుకుంటరు" అన్నారు.

ఆసుపత్రిలో సూదులు మొదలుపెట్టారు. ముఖం మీద కాటు కాబట్టి గాయంలోకి ఎక్కించే మందు ఇంకొకటి కావాలట. అది ఖమ్మంలో దొరకలేదు. హైదరాబాదుకు ఫోన్ చేయిస్తే రేపు, ఎల్లుండి అన్నారు. "కుక్క కళ్ల ముందే ఉంది కదా? పది రోజులు బాగుంటే భయం లేదు. మధ్యలో చస్తే మాత్రం వెంటనే చెప్పండి" అన్నాడు డాక్టర్. సూదికి వెళ్లిన ప్రతిసారీ అదే అడిగేవాడు. నేను సాయంత్రం మా ఆయనను అడిగేదాన్ని. "బాగుంది, అన్నం తింటుంది" అని టీవీ వైపు చూస్తూ చెప్పేవారు. నేను సన్నీకి గంటకోసారి నీళ్లు పట్టేదాన్ని, వాడు గుటక వేసేదాకా గొంతు వైపే చూసేదాన్ని. ఎందుకు చూసేదాన్నో ఇంట్లో ఎవరితోనూ అనలేదు.

తొమ్మిదో రోజు సాయంత్రం, జిమ్మీని నా కళ్లతో చూడాలని చెప్పులు వేసుకున్నాను. తోట ఎటు వైపు అని అడిగితే ఆయన అరుగు మీద కూలబడ్డారు. తోటా లేదు, తెలిసినవాళ్లూ లేరు. కోపంలో జిమ్మీని గోనెసంచిలో కట్టి, భద్రాచలానికి సరుకు తీసుకెళ్తున్న స్నేహితుడి వ్యానులో వేశారు. పాల్వంచ దాటాక అడవిలో ఒక మలుపు దగ్గర డ్రైవర్ సంచి మూతి విప్పాడు.

"అందరు ఆడనే ఇడుస్తరు. కుక్కల మలుపు అంటరు దాన్ని" అన్నారు, అందరూ చేసే పని కాబట్టి తప్పు కాదన్నట్టు.

నేను తిట్టలేదు. మొదటి బస్సు ఎన్ని గంటలకని అడిగాను. తానూ వస్తానన్నారు. "మీరు వాడి దగ్గర ఉండండి. నీళ్లు తాగుతున్నాడో లేదో చూడండి" అన్నాను. అప్పుడు ఆయన ముఖం పాలిపోయింది. తొమ్మిది రోజుల్లో మొదటిసారి ఆయన కూడా లెక్కపెట్టుకుంటున్నట్టు అనిపించింది.

పదో రోజు, బుధవారం, తెల్లవారుజామున సంచి సర్దుకున్నాను. రెండు నీళ్ల సీసాలు, నాలుగు చపాతీలు, గొడుగు, సన్నీ ఆసుపత్రి కాగితాలు, వాడి పుట్టినరోజున జిమ్మీతో తీయించిన ఫోటో, ఒక సబ్బు ముక్క. వరండాలో చెప్పులు వేసుకొని బయలుదేరాను.

ఐదున్నరకు ఖమ్మం బస్టాండులో బస్సు కదిలింది. ఈ దారిన వెళ్లేవాళ్లకు రెండు మాటలు. రైల్లో భద్రాచలం రోడ్డు స్టేషన్ అని చూసి దిగితే మీరు దిగేది కొత్తగూడెంలో, భద్రాచలం అక్కడికి ఇంకా గంట పైనే. అడవిలో దిగాలంటే ఎక్స్‌ప్రెస్ పనికిరాదు, ఆర్డినరీ బస్సే ఆపుతుంది. కండక్టర్‌కు మలుపు పేరు చెబితే నన్ను ఎగాదిగా చూశాడు.

"ఆడ స్టేజీ లేదమ్మా. అయినా ఆ మలుపుకాడ దింపిపోయేటోళ్లే గని దిగేటోళ్లను నేను చూడలే."

వెనక సీటులో ఎవరో నవ్వారు. టికెట్ తీసుకొని కిటికీ పక్కన కూర్చున్నాను. వైరా, తల్లాడ దాటేసరికి ఎండ మొదలైంది. మే నెల. జూలూరుపాడులో పసుపు చీర కట్టుకున్న ఒక పెద్దామె ఎక్కి నా పక్కన కూర్చుంది. కాసేపటికే తన మోకాళ్ల నొప్పుల నుంచి కోడలి వంట దాకా అన్నీ చెప్పేసింది.

"నువ్వు గూడ దర్శనానికేనా బిడ్డా?"

"కాదమ్మా. కుక్క కోసం."

"ఏంది?"

చెప్పాను. తెలియని మనిషి కాబట్టి చెప్పగలిగాను. ఆమె నా చేతిమీద చెయ్యి వేసింది. "మేం గూడ ఒకదాన్ని గట్లనే పంపినం. కోళ్లను తింటుందని. రోడ్డు దాటించి ఇడిసిండు మా పెద్దోడు" అంది. "అది మళ్ల వచ్చిందా?" అని అడిగాను. "రాలే. వస్తదేమో అని నాలుగు రోజులు తలుపు దగ్గరికేసి పండుకున్న" అంది. రావాలనా, రాకూడదనా అని నేను అడగలేదు.

కొత్తగూడెంలో పది నిమిషాలు ఆపారు. బస్టాండు బయట ఇడ్లీ తిన్నాను, అంటే సగం తిని వదిలేశాను. ఎస్టీడీ బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేశాను. "తాగిండు. రెండు గ్లాసులు తాగిండు" అన్నారు మా ఆయన, నేను అడగకముందే.

తొమ్మిదికి కాస్త ముందు కండక్టర్ విజిల్ వేశాడు. బస్సు నన్ను దింపి వెళ్లిపోయాక చప్పుడు లేదు. రోడ్డుకు రెండు వైపులా టేకు, ఆకు రాలి నిలబడి ఉంది. మలుపు పక్కన ఖాళీ గోనెసంచులు పడి ఉన్నాయి. ఒకదానికి పురికొస ఇంకా కట్టే ఉంది, పక్కన చింపుకొని బయటికి వచ్చిన రంధ్రం ఉంది. మొత్తం ఏడు. మాది ఏదో గుర్తుపట్టలేకపోయాను. అందరి ఇళ్లలో ఉండేవి అవే బియ్యం సంచులు.

కొంచెం ముందు నీడలో ఒక ముసలామె తునికాకు కట్టలు కడుతోంది. దగ్గర్లోని కోయగూడెం మనిషి, పేరు ముత్తమ్మ. ఫోటో చూపించాను. ఫోటోలో ముందు సన్నీని చూసింది, తర్వాత జిమ్మీని.

"ఈడనే ఉండె నాలుగు రోజులు. టౌను కుక్కలు తెలుస్తయి మాకు. బండి చప్పుడైతే మా కుక్కలు అడవిలకు ఉరుకుతయి. మీయి రోడ్డు మీదికి ఉరుకుతయి."

"ఎందుకు?"

ఆమె నన్ను వింతగా చూసింది. "తీస్కపోను వచ్చిండ్రేమో అని."

అలా ఎదురురికే చాలా కుక్కలు లారీల కింద పడతాయట. ఇది కూడా ఒక వ్యానుకు ఎదురు వెళ్లి కాలు విరగ్గొట్టుకుంది. ముత్తమ్మ కొడుకు దాన్ని సైకిల్ మీద వేసుకొని పశువుల దవాఖానా సారు దగ్గర దింపాడు. "బతికుందా?" అన్నాను. "నాకేం ఎరుక? పోయి చూస్కో. ఈ బాటెంట పో, దగ్గరనే" అంది ముత్తమ్మ, మళ్లీ ఆకులు లెక్కపెట్టుకుంటూ.

ఆ దగ్గర అన్నది మట్టిబాటలో అరగంట నడక. దారి పొడవునా ఒకే మాట ప్రార్థనలా అనుకున్నాను. బతికుండాలి, ఈ ఒక్కరోజు బతికుండాలి. దేవుడికి ఆ ప్రార్థన ఎవరి గురించో తెలుసు. జిమ్మీ గురించి కాదు.

పశువుల దవాఖానా రెండు గదుల పెంకుటిల్లు. ముందు బర్రెలూ మేకలూ, వాటి మనుషులూ. డాక్టర్ ప్రభుదాసుకు నలభై దాటి ఉంటాయి. ఒక బర్రెకు దూడ అడ్డం తిరిగిందని భుజం దాకా చెయ్యి లోపల పెట్టి ఉన్నారు. ఖమ్మం నుంచి కుక్క కోసం వచ్చానని చెబితే తల తిప్పకుండా "కూసోండ్రి, వంతు వస్తది" అన్నారు.

"కుక్క కోసం ఖమ్మం నుంచా!" అన్నాడు మేకను పట్టుకున్న ఒకాయన. "సారూ, ఇన్నాళ్లకు నీకు తోడు దొరికింది. ఇగ ఇద్దరు కలిసి వాటికి బడి గూడ పెట్టుండ్రి." అందరూ నవ్వారు, డాక్టర్ కూడా.

దూడ బయటపడేసరికి పదిన్నర. ఆయన చేతులు కడుక్కొని నా కాగితాలు చదివారు. కాటు తేదీ దగ్గర వేలు ఆపారు. "ఇయ్యాలకు పది" అని, నన్ను వెనక కొట్టంలోకి తీసుకెళ్లారు.

మూడు కుక్కలు విడివిడిగా కట్టేసి ఉన్నాయి. మూడోది గోడవైపు తిరిగి పడుకొని ఉంది. వెనక కాలికి వెదురు బద్దల కట్టు. సగానికి సగం చిక్కిపోయింది. నేను అడుగు వేయబోతే డాక్టర్ చెయ్యి అడ్డం పెట్టారు.

"దగ్గరికి పోకుండ్రి. ఈన్నుంచే పేరు పెట్టి పిలువుండ్రి. రోగమున్న కుక్క ఇంటోళ్లను గుర్తుపట్టదు చాలాసార్లు. చూద్దాం."

పిలిచాను. "జిమ్మీ."

చెవులు లేచాయి. తల తిప్పింది. విరిగిన కాలు నేల మీద ఈడ్చుకుంటూ తాడు బిగిసేదాకా నా వైపు వచ్చింది. తోక ఊపుతూ సన్నగా మూలిగింది. డాక్టర్ నీళ్ల గిన్నె జరిపారు. గటగటా తాగింది, మళ్లీ నా వైపు చూసింది. నేను నేల మీద కూర్చొని ఏడ్చాను. నా కొడుకు బతికాడు అని ఏడ్చాను.

డాక్టర్ సరేనన్నాక దగ్గరికి వెళ్లాను. అది నా చెయ్యి నాకింది. వెంటనే లేచి కుళాయి దగ్గరికి వెళ్లి, సంచిలోంచి సబ్బు తీసి మోచేతి దాకా మూడుసార్లు కడుక్కున్నాను. తిరిగి చూస్తే డాక్టర్ నన్నే చూస్తున్నారు. ఆ చూపు కంటే తిట్టినా నయం.

"చెవి లోపల పురుగులు పడి ఉండె" అన్నారు. "కరిచే ముందు చాన రోజుల నుంచి తల విదిలిస్తుండె గదా?"

అప్పటికే రెండు వారాలుగా విదిలిస్తోంది. వాసన కూడా వచ్చేది. ఆదివారం తర్వాత చూపిద్దాం అనుకున్నాం. సన్నీ లాగింది ఆ చెవినే.

లోపలికి వెళ్లి రిజిస్టరు తెరిచారు. ఆవులు, ఎడ్లు, బర్రెలు, మేకలు, కోళ్లు అని అచ్చు గళ్లు ఉన్నాయి. కుక్కలకు గడి లేదు. చివర 'ఇతరములు' అన్న గడిలో రాస్తున్నారు. ఇక్కడి డాక్టర్ కుక్కల్ని ఎందుకు చూస్తున్నారని అడిగాను.

"నాకు కుక్కలంటే చికాకు ఉండె" అన్నారు. "మనుషుల డాక్టరీ సీటు రాక ఈ పశువుల డాక్టరీకి వచ్చిన. ముందు ఒక టౌన్ల చేసేటప్పుడు, వీధికుక్కల్ని చంపెటందుకు పెట్టే మందుకు సంతకం నాదే. మాంసం ముద్దలల్ల పెట్టి ఏసేటోళ్లు. ఓసారి ఇంటి ముంగట కట్టేసిన కుక్కకు గూడ ఏసిండ్రు. అది ఒక చిన్నపిల్లను కరిచిందంట, పది రోజులు చూస్తున్నరంట. ఐదో రోజుకు చచ్చింది. మందుకు చచ్చిందా, రోగంతోని చచ్చిందా? నాకు తెలిసేలోపు పాతిపెట్టిండ్రు. ఆ పిల్ల తండ్రి రోజు వచ్చేటోడు. సారూ, ఒక్క మాట చెప్పుండ్రి అని. ఏం చెప్త?"

"ఆ పాపకు ఏమైంది?"

"తెల్వదు. బదిలీ అడుక్కొని ఈడికి వచ్చిన. పోయి అడిగే ధైర్యం లేకుండె."

బయట మేక అరిచింది. ఆయన రిజిస్టరు మూశారు.

"అందరు దయ అంటరు. దయ కాదమ్మా. మళ్ల ఎవరన్న తండ్రి వచ్చి అడిగితే చెప్పాలె గదా అని, కరిచిన కుక్కల్ని కట్టేసుడు మొదలుపెట్టిన. పది రోజులు అన్నం పెడితే ఇగ ఇడిసిపెట్టబుద్ధి గాదు. గంతే."

ఒక చీటీ రాసి ఇచ్చారు. 'పదో రోజు. ఆరోగ్యంగా ఉంది. నీళ్లు తాగింది. పిలిస్తే వచ్చింది.' కింద సంతకం. మిగతా సూదులు ఆపాలా వద్దా అన్నది ఖమ్మం డాక్టరే చెప్పాలన్నారు.

"కాలుకు ఇంకో నెల పడుతది. తీస్కపోతరా?"

అత్తమ్మ ఒప్పుకోదన్న సంగతి, అద్దె ఇంటాయన ఊరుకోడన్న సంగతి, కుక్కను చూస్తే సన్నీ భయపడతాడేమోనన్న సంగతి చెప్పాను. బస్సులో ఎక్కించుకోరేమో అని కూడా అన్నాను. అన్నీ నిజాలే. ఆయన తల ఊపుతూ విన్నారు. నా సంచి వైపు చూశారు.

"బెల్టు తేలే మీరు" అన్నారు, మెల్లగా. "గొడుగు తెచ్చిండ్రు, సబ్బు తెచ్చిండ్రు. గందుకే అడిగిన."

వెళ్లేటప్పుడు కొట్టం వైపు నుంచి కాకుండా ముందు గేటు నుంచి వెళ్లమన్నారు. అది నన్ను చూస్తే తాడు తెంపుకుంటుందట, కట్టు కదులుతుందట.

రోడ్డు మీద ముత్తమ్మ ఇంకా ఆకులు కడుతూనే ఉంది. "దొరికిందా?" అంది. దొరికిందన్నాను. నా వెనక చూసింది. "ఏదీ మరి?"

"అక్కడే ఉంటుంది."

"అవ్ మరి" అంది, కట్ట బిగిస్తూ.

ఒంటిగంటన్నరకు చెయ్యి ఎత్తితే బస్సు ఆగింది. చపాతీలు ముత్తమ్మకు ఇచ్చి ఎక్కాను. దారంతా ఆ చీటీ చదువుకుంటూనే ఉన్నాను. నాలుగు ముక్కల్లో మూడు నా కొడుకువి. నాలుగోది జిమ్మీది. నేను పిలిచింది పరీక్ష కోసమని దానికి తెలియదు. కిటికీలోంచి చూస్తే అడవి అందంగానే ఉంది. ఈ దారిన వెళ్లేవాళ్లు చూడదగ్గదే. కానీ అక్కడ మీ బండి చప్పుడుకు ఏదైనా రోడ్డు మీదికి ఉరికితే వేగం తగ్గించండి. మీరే అనుకొని వస్తుంది.

ఆరింటికి ఇల్లు చేరాను. మా ఆయన గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. చీటీ ఇచ్చాను. చదివి, కళ్లు తుడుచుకొని, సన్నీని ఎత్తుకొని ముద్దుపెట్టుకున్నారు. "జిమ్మీ ఏదీ?" అన్నాడు సన్నీ, నా వెనక చూస్తూ. చెంప మీద గాయం అప్పుడే ఎండుతోంది.

నేను చెప్పులు విప్పడానికి వరండాలో వంగాను. గొలుసూ బెల్టూ గుంజకు అలాగే వేలాడుతున్నాయి. తెల్లవారుజామున నేను చెప్పులు వేసుకున్నది కూడా అక్కడే, వాటికి మూరెడు దూరంలో.