పంటికీ కంటికీ

నేను రాజోలులో ఇంటరు చదివే రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, మా అమ్మ పైదవడ పన్నుకీ మా ఇంటిల్లిపాదికీ ఆరు నెలలు యుద్ధం జరిగింది. మొదట చల్లనీళ్ళు తాగితే జివ్వుమంటోందంది. తరవాత చల్లనీళ్ళే మానేసింది. ఆవకాయలో ముక్క పక్కన పెట్టి ఊట మాత్రం కలుపుకునేది. అన్నం కుడివైపే నమిలేది. లవంగం, ఉప్పునీళ్ళు, జామాకు, పక్కింటి పిన్నిగారి సలహాలు, అన్నీ ఆ పన్నుకే.

"అమలాపురంలో పళ్ళ డాక్టరుగారు కొత్తగా వచ్చేరట, చూపిద్దామే" అని నాన్న అంటే, "పైపన్ను పీకిస్తే కంటిచూపు పోతుందండీ. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుద్ది" అనేది. అలాగని ఎవరు చెప్పారని నేనడిగితే, "ఒకరు చెప్పేదేంటి, నేను చూసేను" అనేది. అంతకు మించి ఒక్క ముక్క పెగిలేది కాదు. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. మా ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళకి జాకెట్లు కుట్టేది మా అమ్మే కాబట్టి, కళ్ళంటే ప్రాణం.

ఒక సోమవారం పొద్దున్న లేచేసరికి బుగ్గ బూరెలా పొంగింది. ఒళ్ళు కాలిపోతోంది. వాపు పైకి పాకి ఎడమకన్ను మూసుకుపోయింది. ఏ కన్ను పోతుందని పన్ను ముట్టుకోనివ్వలేదో, ఆ కన్నే తెరుచుకోలేదు. నాకు భయం వేసింది, అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది. "ఇప్పుడు బాగా కనిపిస్తోందా?" అన్నాను, పెద్దంతరం చిన్నంతరం లేకుండా. అమ్మ చీర మార్చుకుని అమలాపురం బస్సెక్కింది.

డాక్టరమ్మ కర్నూలు వైపు నుంచి వచ్చింది. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దదేమో. నోరు చూసి, "వేరు కింద చీము పట్టిందమ్మా. జివ్వుమన్నప్పుడే వచ్చుంటే పన్ను నిలబడేది. వాపూ జ్వరమూ వచ్చాక ఒక్కరోజు కూడా ఆగకూడదు" అంది. మాత్రలు రాసి, అయిదు రోజులయ్యాక పన్ను తీస్తానంది.

వాపు తగ్గాక మళ్ళీ వెళ్ళాం. కుర్చీలో కూర్చున్న అమ్మ డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది.

"కళ్ళకేం కాదు కదండీ? మా అమ్మకి పైపన్ను పీకించిన ఏడాదే రెండు కళ్ళూ పోయేయండి."

"అప్పటికి ఆమె వయసెంతమ్మా?"

"అరవై దాటేయండి. కళ్ళకి తెల్లగా పొర కట్టేసిందండి."

"అయితే అవి శుక్లాలమ్మా. పంటి నరం వేరు, కంటి నరం వేరు. ఆమె పన్ను పీకించుకోకపోయినా అవి వచ్చేవే."

అమ్మ డాక్టరమ్మ చెయ్యి వదిలి, అప్పుడు నోరు తెరిచింది.

సూది వేశాక, "మొద్దుబారిందా అమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ. "ఆయ్" అంది అమ్మ. డాక్టరమ్మ గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. పది నిమిషాలాగి మళ్ళీ తాకి, "ఇప్పుడు పరవాలేదా?" అంది. "ఆయ్." మళ్ళీ చెయ్యి వెనక్కి. మూడోసారికి గానీ నా బుర్ర వెలగలేదు.

"అది నొప్పి కాదండీ. మా వైపు ఆయ్ అంటే అవునని" అన్నాను.

"రెండు నెలల్నుంచీ ఈ ఊరివాళ్ళకి నొప్పులెక్కువ అనుకుంటున్నానే" అని డాక్టరమ్మ ఒకటే నవ్వు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచి మా అమ్మా నవ్వింది. ఆ సందడిలోనే పన్ను వచ్చేసింది.

దూది కరుచుకుని బస్టాండుకి వచ్చాం. అమ్మ ఒక కన్ను మూసి, తరవాత రెండోది మూసి, రావులపాలెం, రామచంద్రపురం, కాకినాడ బోర్డులన్నీ వేలితో చూపిస్తూ లోలోపల చదువుకుంది. "పరీక్ష పాసయ్యావా?" అని ఏడిపించాను. డాక్టరమ్మ చెప్పిన టైము కాకుండానే అమ్మ దూది తీసి పారేసింది. నేను కేకలెయ్యబోతే ఆగమంది.

"అమ్మమ్మని ఆ పళ్ళు పీకేవాడి దగ్గరికి తీసుకెళ్ళింది నేనేనే. వద్దు మొర్రో అంటున్నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళేను. ఇన్నేళ్ళూ ఆవిడ కళ్ళు నేనే పోగొట్టేననుకున్నాను."

అని, కొంగుతో కళ్ళు తుడుచుకుని, అంతమంది జనంలో మా అమ్మ పన్ను లేని నోటితో హాయిగా నవ్వింది.