గాజు ఆఫీసులో టెన్త్ మెమో

ఆ శనివారం బయల్దేరే ముందు నేను ఒక కాగితం మీద జాబితా రాసుకున్నాను: రెండు టార్చిలు, మూడు మాస్కులు, చేతి తొడుగులు, స్క్రూడ్రైవరు, కటింగ్ ప్లయరు, గోనెసంచి, నీళ్ల సీసాలు, మార్కరు పెన్ను, భవనం ప్లాను. ప్లాను నేనే గీశాను. ముందురోజు సాయంత్రం బండి మీద భవనం చుట్టూ తిరిగి, కిటికీలు లెక్కపెట్టి, ఏ అంతస్తులో ఎన్ని గదులుంటాయో అంచనా వేశాను. సివిల్ డిప్లొమా చదివిన నాకు ఇలాంటి పని చేయకపోతే నిద్ర పట్టదు.

మార్కాపురం ఊరి చివర మూడంతస్తుల గాజు భవనం అది. ఫోన్లలో మాట్లాడే కంపెనీ ఒకటి అందులో ఉండేది. ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో ఫోన్లు వచ్చేవి, ఇక్కడి పిల్లలు సమాధానం చెప్పేవాళ్లు. మూడేళ్ల కిందట ఒక శుక్రవారం పనిచేసి వెళ్లినవాళ్లకు సోమవారం గేటుకు తాళం కనిపించింది. హైదరాబాదు నంబరు కొన్నాళ్లు మోగి, తర్వాత అదీ ఆగిపోయింది.

పాలిటెక్నిక్ హాస్టల్లో నాతో ఒకే గదిలో ఉన్న ఇద్దరిలో ఒకడిది బేస్తవారిపేట, ఇంకొకడిది దోర్నాల. హాస్టల్లో అందరినీ ఊరి పేరుతోనే పిలుచుకునేవాళ్లం, ఇప్పటికీ అంతే. బేస్తవారిపేట ఆ కంపెనీలో పద్నాలుగు నెలలు పనిచేశాడు. చేరేటప్పుడు టెన్త్ మెమో ఒరిజినల్ తీసుకుని ఆఫీసులో పెట్టుకోవడం అక్కడి పద్ధతి. మధ్యలో మానేసి పోకుండా అన్నమాట. ఇప్పుడు వాడికి సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు ఉద్యోగం వచ్చేలా ఉంది. సోమవారం ఒంగోలులో సర్టిఫికెట్ల పరిశీలన. ఒరిజినల్ లేకపోతే జాబితాలో తర్వాతివాడిని పిలుస్తారు. డూప్లికేటు కోసం పోలీస్ స్టేషన్, నోటరీ, హెడ్‌మాస్టరు సంతకం, అన్నీ చేసి పంపాడు. అది ఇంకా రాలేదు.

భవనం యజమానికి ఊళ్లో పలకల వ్యాపారం. ఫోన్ చేస్తే, "పోయి చూసుకోండి. అద్దాలు మాత్రం పగలగొట్టాకండి," అన్నాడు.

గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కాపలా తాత కూర్చుని ఉన్నాడు. దోర్నాల ఊరికి అవతల, అడవి అంచు పల్లె మనిషి. కంపెనీ ఉన్నప్పుడూ ఆయనే, పోయాకా ఆయనే. తాళాల గుత్తి ఇస్తూ అడిగాడు:

"ఏం పని నాయనా?"

"ఏదో పాత సామాను చూసుకోవాల తాతా," అన్నాడు దోర్నాల.

మెమో సంగతి చెప్పాలని మా ముగ్గురికీ తోచలేదు. ఆయనకు చదువు రాదని తెలుసు. చదువు రాని మనిషికి కాగితాల గురించి చెప్పి ఏం లాభం అనుకున్నాం.

లోపల మొదట తగిలింది వేడి. పడమటి గోడ మొత్తం గాజు. మార్కాపురం ఎండకు పడమర గాజు పెట్టినవాడు ఏసీని నమ్ముకుని పెట్టి ఉంటాడు. కరెంటు పోయిన రోజు నుంచి అది భవనం కాదు, బట్టీ. వరండాలో ఫాల్స్ సీలింగు పలకలు పదిహేడు కిందపడి ఉన్నాయి. హాజరు వేలిముద్ర యంత్రం గోడకు ఒక్క మేకు మీద వేలాడుతోంది. బేస్తవారిపేట దాని దగ్గరికి పోయి అలవాటుగా బొటనవేలు పెట్టాడు.

"లేటు పడింది రా, సగం పూట కట్," అన్నాడు దోర్నాల.

మొదటి అంతస్తులో ఫోన్ల హాలు. వరసకు పన్నెండు బల్లలు, ఎనిమిది వరసలు. ప్రతి బల్ల మీదా కంప్యూటరు ఉండాల్సిన చోట ఖాళీ, దాని పక్కన అరచేతంత అద్దం అంటించి ఉంది. టార్చి వేయగానే హాలంతా ముక్కలు ముక్కలుగా వెలిగింది. నేను వెనక్కి అడుగేశాను.

"ఇవేందిరా, సెలూనా?"

"మొగం చూసుకుంటా నవ్వుతా మాట్లాడాల," అన్నాడు బేస్తవారిపేట. "నవ్వితే గొంతులో తెలుస్తాదంట. అవతలోడు తిడతాంటే గూడా నవ్వాల. సూపర్‌వైజరు వెనకమాల నిలబడి అద్దంలో చూస్తాంటాడు."

"నువ్వు నవ్వినావా పద్నాలుగు నెలలు?"

"నెలకోసారి నవ్వేటోణ్ని. జీతం నాడు."

మూడో వరసలో తన బల్ల చూపించాడు. అద్దం మూల పగిలి ఉంది. అందులో ఒకసారి చూసుకుని, "పైకి పోదాం పాండి," అన్నాడు.

రెండో అంతస్తులో నా ప్లాను ప్రకారం ఆరు గదులు. నిజంగా ఉన్నవి ఏడు. మెమోలు ఉండాల్సిన గదిలో చెక్క బీరువాలు నాలుగు. మొదటి దాని తలుపు లాగితే తలుపు మాత్రమే చేతికొచ్చింది, వెనక అంతా చెదల మట్టి. రెండోది, మూడోది ఖాళీ. నాలుగోదాంట్లో పండగ రోజు కట్టే రంగుకాగితాల తోరణాలు. వెతికిన ప్రతి గది తలుపు మీదా మార్కరుతో గుర్తు పెట్టాను. సర్వరు గది, భోజనాల గది, మేనేజరు గది, టాయిలెట్ల పైనున్న అటక. మూడున్నర గంటలు. గోనెసంచిలో ఒక్క కాగితం పడలేదు.

బేస్తవారిపేట మెట్ల మీద కూలబడ్డాడు. మాస్కు తీసి పక్కన పెట్టాడు. "నాయనకు ఏమని చెప్పేది? ఉజ్జోగం వచ్చినట్టే అని ఊరంతా చెప్పుకున్నాడు," అన్నాడు. 

అప్పుడు తాత ఫ్లాస్కుతో టీ తీసుకుని పైకి వచ్చాడు. నా గుర్తులున్న తలుపులు చూసి, "రంగెందుకు పూసినారు? ఓనరు నన్ను తిడతాడు," అన్నాడు. తర్వాత టీ పోస్తూ, "ఏం పోగొట్టుకున్నారు మీరు, సరిగా చెప్పండి," అన్నాడు.

"కాయితాలు తాతా. కంపెనీ వాళ్లు పెట్టుకునిన సర్టిఫికెట్లు."

"బొమ్మ అంటించిన కాయితాలా?"

"బొమ్మ ఉండేది చేరేటప్పుడు రాసిన ఫారం మీద. సర్టిఫికెట్టు దానెనక పిన్ను కొట్టి ఉంటాది," అన్నాడు బేస్తవారిపేట.

"అవి నా కాడుండాయి గదా!"

ముగ్గురం లేచి నిలబడ్డాం.

"పొద్దున గేటు కాడనే చెప్తే అయిపోయేది," అన్నాడు తాత, మెట్లు దిగుతూ. "కాయితాలన్నీ పాత సామాను వాళ్లకు తూకానికెయ్యమన్నాడు ఓనరు. మనిషి మొగం ఉండే కాయితాన్ని తూకానికి ఎట్లేస్తాం? అవి తీసి పక్కన పెట్టినా."

మెట్ల కింద బ్యాటరీల గది ఉంది. కిటికీ లేదు, అందుకే నా ప్లానులో లేదు. ఇనుప తలుపు, సిమెంటు అరలు. అరల మీద మూడు పెద్ద కట్టలు, నీలం నెట్‌వర్క్ వైరుతో బిగించి ఉన్నాయి.

"బేస్తవారిపేట కట్ట ఏది తాతా?"

"ఊళ్లు నాకేం తెలుసు? బస్సుల లెక్కన కట్టినా. ఇది గిద్దలూరు బస్సు, ఇది దోర్నాల బస్సు, ఇది కనిగిరి బస్సు. మూడు బస్సులొచ్చేవి గదా కంపెనీవి. ఎవురు దేంట్లోంచి దిగేది నేను రోజూ చూసేటోణ్ని."

బేస్తవారిపేట ఎక్కేది గిద్దలూరు బస్సు. తాత ఆ కట్ట విప్పి ఒక్కో ఫారం మీది ఫోటో చూస్తూ తిరగేశాడు. అరవైకి పైనే ఉన్నాయి. నలభై దాటాక బేస్తవారిపేట చెయ్యి చాచాడు. "అదే! నాదే!"

ఫారం వెనక ప్లాస్టిక్ కవరులో మెమో కనబడుతోంది. తాత దాన్ని గుండెకు ఆనించుకున్నాడు.

"ఈ పిల్లోడు నువ్వు గాదు."

ఫోటోలో నున్నటి మొహం. మావాడికి ఛాతీ దాకా గడ్డం, మెడ దాకా జుట్టు.

"నేనే తాతా. గడ్డం పెరిగింది అంతే."

"పోయినేడు ఒకడొచ్చి ఇట్లనే నాదే అని పట్టుకపోయినాడు. నెలకు అసలోడు వచ్చి ఏడ్చినాడు. ఇంక మొగం చూడందే ఇయ్యను."

నేను వాడి ఆధార్ కార్డు చూపించాను. తాత దాన్ని దూరంగా పెట్టి చూసి, "ఇదెవురు, మీ నాయనా?" అన్నాడు. దోర్నాల వాడి గడ్డాన్ని తువ్వాలుతో కప్పి, జుట్టు వెనక్కి పట్టుకున్నాడు. "ఇప్పుడు చూడు." తాత చూశాడు. "గజ్జికుక్కను ముసుగేసి తెచ్చినట్టుంది," అన్నాడు. యజమానికి ఫోన్ చేశాను, ఎత్తలేదు.

"రోడ్డు మలుపులో సెలూనుంది," అన్నాను. "పది నిమిషాలు."

బేస్తవారిపేట మా ఇద్దరినీ బయటికి లాగాడు. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిన రోజు నుంచి వాడు కత్తి తగలనివ్వలేదు. ఉద్యోగం వస్తే జుట్టూ గడ్డమూ శ్రీశైలంలో ఇస్తానని మొక్కు. పదకొండు నెలలు.

"మొక్కు తీరకముందే కత్తి పెడితే ఉజ్జోగం పోతాది మామా," అన్నాడు నాతో.

"కాయితం లేకపోతే సోమవారమే పోతాది."

దోర్నాల ఆలోచించి, "గడ్డం ఒకటే తీయించు. జుట్టు ఉంచు. సగం అన్నా ఉంటాది," అన్నాడు.

వాడు రెండు చేతులతో గడ్డాన్ని ఒకసారి నిమురుకున్నాడు. తర్వాత బండి తాళం అడిగాడు.

తిరిగొచ్చేసరికి కింది సగం తెల్లగా, పై సగం నల్లగా ఉన్నాడు. తాత ఒక్క చూపు చూసి, "ఓరి నువ్వా! బస్సు దిగినప్పుడల్లా తాతా తిన్నావా అని అడిగేటోడివి!" అన్నాడు. మెమో చేతిలో పెట్టి, "అంత గడ్డమెందుకు పెంచినావు మరి?" అని అడిగాడు.

మొక్కు అని చెప్పాం.

"ఆ మాట చెప్పొద్దా నాయనా? కత్తి పెట్టిస్తానా నేను? గుర్తుకు ఇంకోటేదన్నా అడుగుదును గదా."

ఆ రోజు అది రెండోసారి. ఏమీ చెప్పకుండా, మాలో మేమే లెక్కలు వేసుకున్నాం. నేను లోపలికి పోయి తడిగుడ్డతో తలుపుల మీది మార్కరు గుర్తులు తుడిచాను. సగమే పోయాయి.

ఒంగోలులో మెమో చూశారు, తిప్పి వెనకవైపూ చూశారు, సంతకం పెట్టారు. ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాత ముగ్గురం దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లాం. గుండు చేసే ఆయన వాడి తలంతా తడిపి, చెంపల మీద అప్పుడప్పుడే మొలిచిన వెంట్రుకలు వేలితో రుద్ది చూశాడు.

"గడ్డం గూడా మొక్కేనా? ఏముంది ఇందులో తీసేందుకు?"

"ఉన్నది తీయన్నా," అన్నాడు వాడు. "మిగతాది మార్కాపురంలో ఇచ్చినా."