రోజూ వేటకు వెళ్లొచ్చిన సిగ్నల్

ఉద్యోగ విరమణకు మూడేళ్ల ముందు నన్ను వైర్‌లెస్ పర్యవేక్షణ ఇంజినీరుగా విశాఖపట్నం వేశారు. ఈ సంగతి ఆ మరుసటి ఏడాది జూన్‌లో, సముద్రంలో వేట నిషేధం ఎత్తేసిన వారంలో జరిగింది. గాలిలో ఎవరి తరంగాలు ఏ హద్దులో ఉండాలో ప్రభుత్వం నిర్ణయిస్తుంది. ఆ హద్దు దాటినవాళ్లను వెతికి పట్టుకోవడం మా పని.

తగరపువలస వైపు ఒక మొబైల్ టవర్‌కు ఫోన్ల మాట సరిగా చేరడం లేదని ఫిర్యాదు వచ్చింది. యాంటెన్నా బిగించిన వ్యానులో నేనూ, టెక్నికల్ అసిస్టెంట్ రహీమ్ గారూ బయలుదేరాం. ఆయన విశాఖ వన్‌టౌన్ మనిషి. సర్వీసులో నాకంటే సీనియర్, హోదాలో నాకంటే కింద. అడ్డొస్తున్న సిగ్నల్ వచ్చే దిక్కును ఒకచోట కొలిచి, ఇంకోచోటికి వెళ్లి మళ్లీ కొలుస్తాం. మ్యాపు మీద ఆ రెండు గీతలు కలిసినచోట దొంగ దొరికినట్టే. మా గీతలు భీమిలి దగ్గర ఒడ్డున కలిశాయి. మర్నాడు తెల్లవారుజామున సముద్రంలో కలిశాయి. పొద్దెక్కాక మళ్లీ ఒడ్డుకొచ్చాయి. మూడు రోజులూ ఇదే వరస.

పడవలోంచి ఎవరో రహస్యంగా సమాచారం పంపుతున్నారని తేల్చేసుకున్నాను. ఎంత గొప్ప కేసు పట్టానో అని మురిసిపోయాను కూడా. బైనాక్యులర్‌లో పడవ నంబరు చూసి, దాన్ని ఆపి ఉంచమని మెరైన్ పోలీసులకు వ్యానులోనే అచ్చు ఫారం మీద ఉత్తరం రాశాను. రెండు నెలలు ఒడ్డున కూర్చుని అప్పుడే వేటకు దిగినవాడి పడవ ఆపితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదని నాకు తట్టలేదు. రహీమ్ గారికి తట్టింది.

“కాగితం ఎక్కడికీ పోదు సార్. ముందు పడవ సూసొద్దామండి,” అన్నారు.

విసుక్కుంటూనే వెళ్లాను. పడవ యజమాని ఎర్రయ్య వల సర్దుకుంటున్నాడు. వల ఎక్కడుందో దూరం నుంచి తెలియడానికి చివర బెండు కడతారు. దాని బదులు అక్కడ గరాటులాంటి నారింజ రంగు ప్లాస్టిక్ మొన వేలాడుతోంది, బెత్తెడు యాంటెన్నాతో సహా.

“సంద్రంలో తేలతంటే తీసినాను బాబూ. రంగు దూరానికి బాగా అవుపడతందని వలకి కట్టీసినాను,” అన్నాడు. అది రేడియో అని చెబితే దాన్ని ఎగాదిగా చూశాడు. “మూడ్రోజుల్నుంచీ మాటాడతందా? నాకేటీ ఇనబడలేదే!”

రహీమ్ గారు పక్కకు తిరిగి నవ్వుకున్నారు. నాకు సిగ్గేసింది.

మొన మీద రాసి ఉన్న ఫోన్ నంబరుకు మాట్లాడాం. అది ఒక ఫిజిక్స్ లెక్చరరమ్మ సరదాగా తయారుచేసి ఎగరేసిన రాకెట్‌ది. పడిన చోటు తెలియడానికి లోపల ట్రాకర్ పెట్టారు. మైళ్ల దూరానికి వినబడుతుంది. కానీ విదేశీ సరుకు. అక్కడ లైసెన్సు అక్కర్లేని తొమ్మిది వందల మెగాహెర్ట్జ్ పైచిలుకు తరంగాలు మన దగ్గర ఫోన్లకు కేటాయించినవి. ఇలాంటి వాటికి మన దగ్గర లైసెన్సు అక్కర్లేనివి అంతకు కింద, ఎనిమిది వందల అరవై అయిదు దగ్గర ఉంటాయి. పడిన వస్తువు రోజూ చోటు మారుతుంటే ఆమె కూడా ట్రాకర్ పాడైందనుకుని వెతకడం మానేశారట. సెట్టింగు మార్పించి, ఆమె చేత హామీ పత్రం రాయించుకున్నాం. ఖాళీ మొనను ఆమె ఎర్రయ్యకే ఇచ్చేశారు.

పంపని ఆ ఉత్తరం ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో ఫ్రీక్వెన్సీ, దిక్కు, వేళ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ‘బాధ్యుడు’ అన్న గడిలో మాత్రం ఎర్రయ్య పడవ నంబరు ఉంది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, వస్తువును చేత్తో పట్టుకుని చూడకుండా ఆ గడి నింపలేదు.