టీచరమ్మ చెయ్యి వణకలేదు

టీచరమ్మ పోయిందని బుధవారం పొద్దున కోల్డు స్టోరేజీ గేటు దగ్గర చెప్పారు. టీ తాగుతున్నా. గ్లాసు కింద పెట్టి నడుచుకుంటా వెళ్ళి, మూడో చాంబరు తలుపు తీసుకుని ఆ చలిలో నిలబడ్డా. ఎందుకెళ్ళానో తెలీదు. చుట్టూ కప్పు దాకా మిరపకాయల టిక్కీలు. బస్తాని మా వైపు టిక్కీ అంటాం. నోట్లోంచి ఊపిరి పొగలా వస్తోంది. ఆ పొగలోంచి ఆవిడ చేతిసంచీ పట్టుకుని నడిచొస్తున్నట్టే ఉంది.

ఆవిడ పొదిలి మనిషి. పాలిటెక్నిక్కులో కంప్యూటర్లు చెప్పి రిటైరయింది. తర్వాత నల్లపాడు అవతల మా కోల్డు స్టోరేజీలో కంప్యూటర్ల బాగోగులు చూసేది. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు చిన్న పుస్తకం వేస్తున్నారు. "నువ్వు చెప్పు, మేం రాసుకుంటాం" అన్నారు. నేనే రాస్తానన్నా. చదివింది మూడో తరగతే. అయినా సంతకం చేస్తా, వేలిముద్ర వెయ్యను. టీచరమ్మ దగ్గరా ఈ గొప్ప చెప్పుకునేవాణ్ణి. పేరు పక్కన గారు పెట్టమన్నారు. నా నోటికి టీచరమ్మే అలవాటు, అట్టాగే రాస్తున్నా.

నేను హమాలీ జట్టు మేస్త్రిని. ఏ రైతు సరుకు ఏ చాంబర్లో, ఎన్నో వరసలో ఉందో నలభై ఏళ్ళు నా బుర్రలోనే ఉండేది. కంప్యూటరొచ్చాక ఆ జాడంతా దాంట్లోకి పోయింది. నాకు ఒళ్ళు మండింది. "ఆ డబ్బా నాలుగు రోజులు పడకేస్తే మళ్ళీ నా దగ్గరికే వస్తారు" అని అందరి ముందూ అరిచా. ఓనరు విన్నాడు. "దాని జోలికెళ్ళావంటే నువ్వూ నీ జట్టూ గేటు బయట" అన్నాడు.

టీచరమ్మ మాత్రం వచ్చినప్పుడల్లా నన్ను అడిగేది. "మేస్త్రీ గారూ, ఫలానా రైతు సరుకు ఎక్కడుందండీ?" చెప్పేవాణ్ణి. కంప్యూటర్లో చూసి "మీరే కరెక్టు" అని నవ్వేది. ఓసారి కంప్యూటరే కరెక్టయింది. ఆరోజు నవ్వలేదు.

మిరప దుమ్ము దూరని చోటు లేదు. సర్వరు అని ఒకటుంది, ఇనప బీరువాలో సొరుగులా ఉంటుంది. అన్నిటికీ అదే పెద్ద. ఓ రోజు దాంట్లో డిస్కులన్నిటినీ కలిపే కార్డు చెడిపోయింది. జాడంతా డిస్కుల్లోనే ఉంది, తీసే దారి లేదు. బయట లారీలు ఆగాయి. టీచరమ్మ కొత్త కార్డు తెచ్చింది. "పక్కన చెయ్యి నిలకడగా ఉండే మనిషి కావాలి. మేస్త్రీ గారిని పంపండి" అంది.

"వాడినా?" అన్నాడు ఓనరు.

"వాడు కాదండీ, మేస్త్రీ గారు."

నే లోపలికెళ్తుంటే జట్టువాళ్ళు ఊరుకుంటారా? "ఏం మేస్త్రీ, డాక్టరమ్మ పక్కన నర్సువయ్యావా?" అని ఒకటే నవ్వు.

సర్వరు ఆపేసి ఉంది. వెనక రెండు కరెంటు తీగలుంటే రెండూ పీకింది. పీకాక బటను నొక్కి పట్టుకుని, కుర్చీలో కూర్చుంది. "కరెంటు తీసేసినా లోపల కాసేపు మిగిలే ఉంటుంది మేస్త్రీ గారూ. పోనివ్వాలి. తొందరపడకూడదు" అంది. ఫ్యాను చప్పుడు కూడా లేదు. కిటికీలోంచి ఎండ పడుతుంటే ఎర్రటి దుమ్ము అందులో తేలుతోంది. అంత నిమ్మళంగా ఎప్పుడూ కూర్చోలేదు నేను. అది ఎంతసేపో చెప్పలేను. ఇప్పటికీ అక్కడే కూర్చున్నట్టుంటుంది.

తర్వాత సర్వరుని సొరుగులా ముందుకి లాగాం. మూత నేను ఎత్తా. పాత కార్డు తీసింది. "ముందు ఇనుముని ముట్టుకోండి, ఒంట్లో ఉన్న కాస్త కరెంటూ దాంట్లోకి పోతుంది. తర్వాతే కార్డుని. అంచులే పట్టుకోండి. పసుపుగా మెరిసే ఆ పళ్ళ మీద చెయ్యి పడకూడదు" అని కొత్త కార్డు నా చేతికిచ్చింది.

"నలభై ఏళ్ళు టిక్కీలు మోశా, ఈ ముక్క మొయ్యలేనా?" అన్నా.

ఆవిడ లోపలి తీగలు సర్దుతోంది. కార్డు పళ్ళ మీద ఎర్రటి నలుసు కనపడింది నాకు. మిరప దుమ్మే. మంచి చేద్దామని బొటనవేలితో తుడిచేశా. మా పనిలో చేతులు మండకుండా పొద్దున్నే కొబ్బరినూనె రాసుకుంటాం. గుడ్డకి తుడుచుకునే లోపలికొచ్చా, కానీ నూనె అట్టా పోతుందా? నాకు తట్టలేదు. ఆవిడ కార్డు తీసుకుని టక్కుమనే దాకా నొక్కింది. అన్నీ బిగించి ఆన్ చేస్తే ఒక్క డిస్కూ కనపడలా.

ఓనరు వచ్చాడు. తెర చూశాడు, నన్ను చూశాడు. అప్పుడు టీచరమ్మ నా చెయ్యి వంక చూసింది. ఎండకి బొటనవేలు నిగనిగలాడుతోంది.

"ఏమైంది టీచరమ్మా?" అన్నాడు ఓనరు.

"నా చెయ్యి వణికిందండీ. సరిగ్గా కూర్చోలేదు. ఓ గంట ఇవ్వండి."

ఓనరు విసుక్కుంటా పోయాడు. మళ్ళీ తీగలు పీకింది, బటను నొక్కింది, కూర్చుంది. కార్డు తీసి వెలుతురుకెత్తి చూపించింది. పళ్ళ మీద గీతలతో సహా నా వేలు.

"వేలిముద్ర వెయ్యనన్నారుగా మేస్త్రీ గారూ?"

తల దించుకున్నా. నవ్వుతానే స్పిరిట్టుతో తుడిచింది. నన్ను సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కురమ్మంది. "ఈసారి మీరే పెట్టండి" అంది. పెట్టా. టక్కుమంది. డిస్కుల దీపాలు ఒక్కోటే పచ్చగా వెలిగాయి. జాడంతా ఉన్నది ఉన్నట్టే ఉంది.

ఆ మాట మాత్రం పోలేదు. చెయ్యి వణికే మనిషి ఎందుకని ఓనరు వేరే మనిషిని పెట్టుకున్నాడు. నేను ఆవిడ వెంట బస్టాపు దాకా వెళ్ళి "చెప్పేస్తానమ్మా" అన్నా.

"చెప్పొద్దు. మీరు కావాలని చేశారనుకుంటారు. మీ జట్టులో పన్నెండు ఇళ్ళున్నాయి. నాకు పింఛనుంది" అంది. బస్సెక్కింది. నేను చెప్పలా. ఆవిడ వద్దన్నందుకని ఇన్నాళ్ళూ అనుకున్నా. కాదు. భయం.

మట్టి చేసిన రోజు ఎవరో అన్నారు. "మంచి మనిషే, కాకపోతే చివర్లో చెయ్యి వణికి పని పాడుచేసేదంట పాపం." నిన్న ఓనరు దగ్గరికెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పా. జట్టుకేం సంబంధం లేదు, నేనొక్కణ్ణే అన్నా. ఓనరు చేతిలో కలం కింద పెట్టాడు.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"భయమేసింది." ఆ మాట నా నోట్లోంచి ఎవరూ విని ఉండరు.

"నీ సంగతి సోమవారం చూస్తా" అన్నాడు. చూడనీ. చదివేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. టీచరమ్మ చెయ్యి వణకలేదు.

పగటిపూట కళ్ళు మూస్తే ఇప్పుడు ఒకటే కనపడుతోంది. అదే గది, అదే ఎండ. తీగలు పీకేసి ఉన్నాయి. ఆవిడ కుర్చీలో కూర్చుని కార్డు వెలుతురుకెత్తి చూస్తుంటుంది. పసుపు పళ్ళ మీద నా వేలిముద్ర. స్పిరిట్టు సీసా పక్కనే ఉంది, మూత తియ్యదు. తొందరేం లేనట్టు అట్టాగే చూస్తుంటుంది. ఎర్రటి దుమ్ము ఆవిడ చుట్టూ మెల్లగా దిగుతుంటుంది.