ధనరాజు గెలిచిన ఏడాది

బందరులో మా కాలేజీకి బాస్కెట్‌బాల్ కోర్టు ఉండేది గానీ దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. వేసవిలో హాస్టలు వంటవాళ్లు దాని మీద మిరపకాయలు ఎండబోసుకునేవాళ్లు. అలాంటిది 1977లో సాయంత్రమయ్యేసరికి సగం ఊరు ఆ కోర్టు చుట్టూ చేరేది. అందుకు ముఖ్య కారణం ధనరాజు. నేనప్పుడు అదే కాలేజీలో చదువుతూ, పిట్టగోడ మీద కూర్చుని ఆ ఆటలన్నీ చూశాను. చూడనివి అతని స్నేహితుడు సలాం చెప్పగా విన్నాను.

ధనరాజుది దివిసీమ. కోడూరు దాటి ఇంకా సముద్రం వైపు వెళ్తే వచ్చే ఒక చిన్న పల్లె. చేపల వేట మీద బతికే ఊరు. తండ్రి పోతయ్య అతని చిన్నప్పుడే జ్వరమొచ్చి పోయాడు. తల్లి నాంచారమ్మ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని అవనిగడ్డ, చల్లపల్లి సంతలు తిరిగి కొడుకుని చదివించింది. అతను కాలేజీలో చేరిన కొత్తలో, క్లాసు గుమ్మం దగ్గర తల వంచి లోపలికి వస్తుంటే ఆటల మాస్టారు పూర్ణచంద్రరావు గారి కంట్లో పడ్డాడు.

"ఏమయ్యా, బాస్కెట్‌బాల్ ఆడతావా?"

"అదెలా ఉంటదో చూళ్లేదండి."

"పరిగెత్తడం వచ్చా?"

"వచ్చండి."

"చాలు. సాయంత్రం రా."

మొదటి ఏడాదంతా నేర్చుకోవడంతోనే సరిపోయింది. రెండో ఏడు వచ్చేసరికి రింగు కింద ధనరాజు నిలబడితే బంతి అతనిదే. చిన్నప్పటినుంచీ వలలు లాగిన చేతులు. అవతలివాళ్లు ఇద్దరు కలిసి గుంజినా బంతి వదిలేవాడు కాదు. సలాం పొట్టివాడు, పాదరసం లాంటివాడు. రోల్డుగోల్డు నగల పనిచేసే ఇంటి పిల్లవాడు. బంతిని జనం మధ్యలోంచి తప్పించి తెచ్చి ధనరాజుకి అందించేవాడు. ఇక కెప్టెను జగన్మోహనరావు, గుడివాడ రైతుల బిడ్డ. దూరం నుంచి వేస్తే బంతి రింగుకి తగలకుండా లోపల పడేది. ఈ ముగ్గురూ కుదిరాక మా జట్టు వరసగా గెలవడం మొదలుపెట్టింది. మిరపకాయలవాళ్లకి కోర్టు మీద చోటు లేకుండా పోయింది.

దసరా సెలవులకి ముందు బందరులోనే ఒక ఆట జరిగింది. ఆ రోజు చల్లపల్లి సంత ముగించుకుని నాంచారమ్మ బస్సెక్కి కొడుకు ఆట చూడ్డానికి వచ్చింది. కోర్టు పక్కన నేల మీదే చతికిలబడి కూర్చుంది. ధనరాజుని ఎవరు తోసినా లేచి నిలబడేది, అతను లేవగానే మళ్లీ కూర్చునేది. ఆట అర్థం కాకపోయినా కళ్లు మాత్రం తిప్పలేదు. అయిపోయాక కొడుకు దగ్గరికొచ్చి గట్టిగానే అడిగింది:

"ఆ బుట్టకి అడుగు లేదేంట్రా? ఎన్నిసార్లేసినా కింద పడిపోతంది! కుట్టించుకోరాదూ?"

జట్టంతా నవ్వింది. పూర్ణచంద్రరావు గారు కూడా నవ్వారు. కానీ ఆ రోజు మావాళ్లు ఓడిపోయారు. ఆ ఏడు వాళ్లు ఓడింది ఆ ఒక్క ఆటే. ఆవిడ బస్సెక్కి వెళ్లాక, బూట్లు విప్పుకుంటూ జగన్మోహనరావు అన్నాడు:

"ధనా, మీ అమ్మని మళ్లీ పిలవకురా బాబూ! ఆవిడొచ్చిన రోజే పోయాం."

అందరూ నవ్వారు. ధనరాజు కూడా నవ్వాడు. అందులో జగన్మోహనరావుకి ఏ దురుద్దేశమూ లేదు. అసలు అతనా మాట అన్న మరుక్షణమే మరిచిపోయాడు. ధనరాజు మాత్రం మరిచిపోలేదు. వాళ్ల పల్లెలో తెల్లారి పడవలు నీళ్లలోకి తోసేటప్పుడు భర్త పోయిన ఆడవాళ్లు రేవు వైపు రారు. పోతయ్య పోయినప్పటినుంచీ నాంచారమ్మ ఆ వేళ తలుపు దగ్గరగా వేసుకుని ఇంట్లోనే ఉండేది. అలాంటి చోట పెరిగిన కుర్రాడు. చదువుకున్నా, మనసులో ఒక మూల ఆ భయం ఉండనే ఉంది.

జట్టు మళ్లీ గెలుస్తూ పోయింది. జిల్లా కాలేజీల ఫైనలు గుడివాడలో, నవంబరులో దీపావళి వెళ్లాక వచ్చే శుక్రవారం అన్నారు. దీపావళికి ధనరాజు ఇంటికి వెళ్లాడు. అన్నం పెడుతూ నాంచారమ్మ అంది:

"గుడివాడ నేనూ వస్తానయ్యా. మీ కెప్టెనబ్బాయి వాళ్లమ్మగారు మొన్న బందరులో కనపడి, వస్తే మా ఇంట్లోనే ఉండు, రెండ్రోజులుండి పో అంది. మంచిమనిషి."

ధనరాజు తిని చెయ్యి కడుక్కుని వచ్చి, నవ్వుతూనే అన్నాడు: "ఈసారి వద్దులేమ్మా. మొన్న నువ్వొచ్చిన రోజే ఓడిపోయాంగా."

ఆవిడ బాధపడుతుందేమోనని చూశాడు. పడలేదు. తప్పు తనదే అన్నట్టు తల ఊపింది. "నిజమేరా. నాకు తట్టనేలేదు. గెలిచొచ్చి చెప్పు, అంతే చాలు" అంది.

కోప్పడి ఉంటే బాగుండేదని తర్వాత ఎన్నోసార్లు సలాంతో అన్నాడు. కోప్పడితే తను బతిమాలేవాడు, బతిమాలితే ఆవిడ వచ్చేది.

శుక్రవారం సాయంత్రం గుడివాడలో ఆకాశం మూసుకొచ్చింది గానీ ఆట అయ్యేదాకా చినుకు పడలేదు. ఆఖర్న రెండు జట్లూ సమానంగా ఉన్నప్పుడు సలాం విసిరిన బంతిని ధనరాజు గాల్లోనే అందుకుని రింగులో వేశాడు. అంతటితో ఈల వేశారు. జనం అతన్ని భుజాలకెత్తుకున్నారు. జట్టు జగన్మోహనరావు ఇంట్లో దిగింది. ఇంటినిండా చుట్టాలు, పులిహోర, నవ్వులు. మర్నాడు పొద్దున్నే ఇంటికెళ్లి అమ్మకి చెప్పాలని ధనరాజు సంచీ సర్దుకున్నాడు.

మర్నాడు బస్సులు కదల్లేదు. గాలి పొద్దుటినుంచీ పెరుగుతూనే ఉంది. మధ్యాహ్నానికి కొబ్బరిచెట్లు విరిగి రోడ్ల మీద పడ్డాయి, పెంకులు ఎగిరిపోయాయి. ఆ పెద్ద మిద్దె ఇంట్లో అందరూ తలుపులకి భుజాలు ఆనించి నిలబడ్డారు. దివిసీమ మీదికి సముద్రం వచ్చిందన్న సంగతి ఆ రోజు అక్కడ ఎవరికీ తెలియదు. ఆదివారం గాలి తగ్గింది. ఒక్కొక్కటిగా కబుర్లు వచ్చాయి. మొదట ఎవరూ నమ్మలేదు.

ధనరాజు, సలాం నడక మొదలుపెట్టారు. మొవ్వ మీదుగా ఘంటసాల, అక్కణ్ణుంచి చల్లపల్లి. దారంతా పడిపోయిన చెట్ల మీదుగా ఎక్కి దిగుతూ నడిచారు. కోతకొచ్చిన వరి నీళ్లలో పడుంది. అవనిగడ్డ దాటాక సలాం చుట్టూ చూడ్డం మానేసి, ముందు నడుస్తున్న ధనరాజు మడమల్నే చూస్తూ నడిచాడట. ఆ దారిలో కనిపించినవి నాకు ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

పల్లె లేదు. ఇల్లు ఎక్కడుండేదో కూడా తెలియలేదు. దూరంగా ఒక తాటితోపు దగ్గర నలుగురైదుగురు మనుషులు కనిపించారు. వాళ్లలో పక్కింటి అప్పయ్య ఉన్నాడు. తాటిచెట్టుని వాటేసుకుని బతికిన మనిషి. రొమ్ము, చేతులు చీరుకుపోయి ఉన్నాయి. ధనరాజుని చూసి ముందు ఏడ్చాడు. తర్వాత ఆగి, ఆగి చెప్పాడు.

"మీయమ్మ గురువారం నాడు కోక ఉతుక్కుని ఆరేసుకుందిరా, గుడివాడ పోదామని. ‘దూరంగా ఉండి చూసొస్తా అప్పయ్యా, ఆడికి కనపడను’ అంది. శుక్రారం పొద్దున బస్సుకి బయలెల్లి మళ్లా వెనక్కొచ్చింది. ఏమైందే అంటే, ‘నా మొగం అడ్డంపడి పిల్లోడు ఓడిపోతాడేమో, వద్దులే’ అంది."

అతను ఓదార్పుగానే చెప్పాడు, తల్లి ఎంత ప్రేమగా ఉండేదో కొడుక్కి తెలియాలని. ఆ మాట ఏం చేస్తుందో పాపం ఆయనకేం తెలుసు? ధనరాజు ఏడవలేదు. "గెలిచాం బాబాయ్" అన్నాడు. ఆ రెండు ముక్కలే అన్నాడు. నాంచారమ్మ శవం దొరకలేదు.

సలాం అతన్ని బందరు తీసుకొచ్చి వాళ్లింట్లో పెట్టుకున్నాడు. సలాం తల్లి ఖైరున్ బీ అతన్ని ఏమీ అడిగేది కాదు. వేళకి పళ్లెం ముందు పెట్టి, "తిను బేటా" అని పక్కన కూర్చునేది. తినేదాకా లేచేది కాదు. బందరులోనూ తుఫాను ఇళ్లు పడగొట్టింది. వాళ్లింటి వెనక గోడ కూలిపోయింది. ధనరాజు పగలంతా ఆ గోడకి మట్టి తొక్కి, ఇటుకలు పేర్చేవాడు.

కాలేజీ తెరిచాక పూర్ణచంద్రరావు గారు వచ్చి చూశారు. ఆట సంగతి ఎత్తలేదు. "నీ ఇష్టమొచ్చినన్నాళ్లు ఊరుకో అయ్యా. నీ చోటు నీదే" అని వెళ్లిపోయారు. గోడ పని పూర్తయిన మర్నాడు సాయంత్రం ధనరాజు తనంతట తనే కోర్టుకి వచ్చాడు. పని లేకుండా కూర్చోలేకపోతున్నానని సలాంతో అన్నాడు.

సంక్రాంతి వెళ్లాక గుంటూరులో విశ్వవిద్యాలయం పోటీలు. అక్కడ ధనరాజు ఆడినట్టు నేను మరెవరూ ఆడగా చూడలేదు. లారీలో వెళ్లిన మేమంతా గొంతులు పోయేలా అరిచాం. ఫైనల్లో అవతలి జట్టువాళ్లు అతన్ని ఆపలేక చివరికి చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడిపోయారు. కప్పు మాదైంది. మా కాలేజీకి అంతకుముందు ఎన్నడూ రాలేదు.

ఈల మోగగానే ధనరాజు నవ్వాడు. తెల్లటి పళ్లు కనిపించేలా, చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ వెంటనే ఏదో తగిలినట్టు ఆగిపోయి, కోర్టు మధ్యలోనే కూర్చుండిపోయాడు. అలసటనుకున్నాం. సలాం వెళ్లి పక్కన కూర్చున్నాడు.

"ఆడుతున్నంతసేపూ అమ్మ గుర్తు రాలేదురా."

"మంచిదే కదరా ధనా."

"మంచిదా?"

సలాం తన తువ్వాలు తీసి అతని భుజాల మీద కప్పాడు.

బందరులో జట్టుని లారీ ఎక్కించి బాజాలతో ఊరేగించారు. కోనేరు సెంటరు దగ్గర లారీ ఆగినప్పుడు, ఒక పెద్దాయన దండ వేస్తూ మైకులో అన్నాడు: "తల్లి పోయిన దుఃఖంలో కూడా ఆట వదల్లేదు! గుండె అంటే ఇదీ!" జనం చప్పట్లు కొట్టారు. ధనరాజు దండ తీసి సలాం మెళ్లో వేసి, లారీ వెనకవైపు నుంచి దిగి జనంలో కలిసిపోయాడు. ఊరేగింపు అయ్యాక సలాం ఇంటికెళ్తే ఖైరున్ బీ ఒళ్లో తల పెట్టుకుని పడుకుని ఉన్నాడు. ఆ రోజే మొదటిసారి ఏడ్చాడట.

విశ్వవిద్యాలయం జట్టులోకి రమ్మని పిలుపొచ్చింది. వెళ్లలేదు. పై ఏడాది కాలేజీ జట్టులోనూ ఆడలేదు. జట్టు మొదటి ఆటలోనే ఓడిపోయింది. ఎవరూ అతన్ని ఏమీ అనలేదు. డిగ్రీ పరీక్షలు రాసి, సంచీ సర్దుకుని దివిసీమ వెళ్లిపోయాడు. అక్కడ కొత్త కాలనీలు కడుతున్నారు. ఇటుకలు మోయించే మేస్త్రీ దగ్గర కొన్నాళ్లు, తర్వాత కోడూరు వైపు కొత్తగా లేచిన బడిలో తాత్కాలికంగా ఆటల మాస్టారు పని.

1980లో వానలు మొదలయ్యే ముందు జగన్మోహనరావు మోటారు సైకిలు మీద ఆ బడికి వచ్చాడు. పెళ్లి శుభలేఖ ఇవ్వడానికని పైకి చెప్పాడు. అప్పయ్య మాటలు ఆలస్యంగా సలాం ద్వారా అతని చెవిన పడ్డాయి. అప్పటినుంచీ నిద్ర పట్టడం లేదు. వేపచెట్టు కింద బండి నిలిపి, శుభలేఖ ధనరాజు చేతిలో పెట్టాడు.

"ఆ రోజు నేనలా అని ఉండకూడదురా."

"నువ్వు సరదాకన్నావు. అందరం నవ్వాంగా."

"అయినా..."

"నువ్వన్నదాన్ని అమ్మదాకా మోసుకెళ్లింది నేనురా జగనూ. నువ్వు కాదు. నువ్వు తిట్టించుకోడానికి ఇంతదూరం వచ్చావని తెలుసు. తిడితే నీకు తేలికవుతుందనీ తెలుసు. నాకు రావట్లేదు, ఏం చెయ్యను?"

జగన్మోహనరావు కళ్లు తుడుచుకున్నాడు. ధనరాజు అతనికి కొబ్బరిబొండం కొట్టిచ్చాడు. పెళ్లికి వస్తానన్నాడు, వెళ్లాడు కూడా. వడ్డన పని అంతా మీద వేసుకుని చేశాడని సలాం చెప్పాడు. పంక్తిలో ముసలమ్మలు కూర్చుంటే వాళ్ల దగ్గర ఇంకాస్త ఎక్కువసేపు నిలబడేవాడట.

ఆ ఏడాది చివర పని మీద కోడూరు వెళ్లినప్పుడు నేను అతన్ని చూశాను. బడి పిల్లలకి వాలీబాల్ నేర్పుతున్నాడు. ఒళ్లు కొంచెం తగ్గింది గానీ మనిషి అదే ఎత్తు. గుంటూరు కప్పు సంగతి పిల్లలకి ఎలా తెలిసిందో, ఒకడు అతని చొక్కా పట్టుకుని అడుగుతున్నాడు:

"మాస్టారూ, మాకు బాస్కెట్‌బాల్ నేర్పరా?"

"ఇది ఇసక నేలరా. ఇక్కడ ఆ బంతి పైకి లేవదు" అన్నాడు ధనరాజు, వల బిగించి కడుతూ.